పాచిపని

సముద్రం లేని హైదరాబాద్‌లో ఉప్పునీటి అక్వేరియాలు శుభ్రం చేయడం నా పని. ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు కలిపి సముద్రాన్ని మేమే తయారు చేస్తాం.

గాజు మీది మెత్తటి ఆకుపచ్చ పాచి అయస్కాంతపు బ్రష్‌తో పోతుంది. ఒక్క ఇసుక రేణువు మధ్యలో ఇరుక్కుందా, గీత ఇక పోదు. గులాబీ, ఊదా మచ్చలది వేరే కథ. అదీ పాచి జాతే, కానీ సున్నం పేర్చుకుని రాయిలా గట్టిపడుతుంది. గాజైతే బ్లేడుతో గీకుతాను. అక్రిలిక్ తొట్టికి బ్లేడు తగలనివ్వను, పాత ప్లాస్టిక్ కార్డే వాడతాను. పైఅంచున తెల్లగా పేరుకున్న ఉప్పు మంచినీళ్లతో తుడిస్తే పోతుంది. పంపుకు పట్టిన సున్నానికైతే, దాన్ని బయటికి తీసి వెనిగర్‌లో నానబెట్టాలి.

ఎంత గీకినా మేత ఎక్కువ వేస్తే నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి పాచి మళ్లీ వస్తుంది. ఈ మాట ఒక ఇంటాయనకు చెబితే "నీకెందుకయ్యా, తుడిచి వెళ్లు" అన్నాడు. ఆదివారం ఆయనే గాజు తుడిస్తే అది హాబీ, ఫొటో కూడా పెడతాడు. నేను తుడిస్తే పాచిపని. మా అమ్మ ఇళ్లలో చేసినదానికీ అదే పేరు.

ఆ ఇంట్లోనే ఒకరోజు "మీరేమిట్లు?" అని అడిగారు. చెప్పాను. లక్షల రూపాయల చేపలున్న నీళ్లలో మోచేతి దాకా నా చెయ్యి పెట్టొచ్చు. తాగడానికి మాత్రం ఆ రోజు నుంచి నాకు వేరే గ్లాసు.

ఆ ఇల్లు మానేశాను. మిగతా ఇళ్ల బిల్లులో 'క్లీనింగ్' తీసేసి 'నీటి పరీక్ష, తొట్టి నిర్వహణ' అని రాస్తున్నాను. రేటు కూడా పెంచాను.