మూడు లైట్లెందుకు? ఒక్క గొడుగు చాలు!

చేతిలో కెమేరా ఉండీ, ఇంట్లో ఓ గదిని స్టూడియోగా మార్చెయ్యాలని కలగనని కుర్రకారు ఎవరైనా ఉన్నారా? ఉండరు! సినిమా చూసి బయటికొస్తూ ‘ఆ క్లోజప్పు చూశావుట్రా, ముఖం ఎలా వెలిగిపోయిందో!’ అనుకోవడం, ఇంటికొచ్చి స్నేహితుణ్ణి గోడకి నిలబెట్టి ఫొటో లాగడం, అది కాస్తా రేషన్‌కార్డు ఫొటోలా రావడం... ఇది ఇంటింటి రామాయణమే. అప్పుడు తడుతుంది, కెమేరా అయితే ఉంది గానీ లైట్లేవీ అని. అక్కణ్ణించి మొదలు, జేబుకీ మనసుకీ తగాదా.

ఆ తగాదా నాకూ తప్పలేదు. నా దగ్గరున్నది అక్షరాలా ఎనిమిది వేలు. పని మాత్రం పెద్దది. మా పిన్ని కూతురికి నటనంటే ప్రాణం. కాలేజీ నాటకాల్లో చప్పట్లు కొట్టించుకున్న పిల్ల. ఆ మధ్య ఓ స్టూడియోలో ఫొటోలు తీయించుకుని ఆడిషన్‌కి వెళ్ళింది. అక్కడ కూర్చున్నాయన ఫొటో వంకా, దాని ముఖం వంకా మార్చి మార్చి చూసి, ‘ఇది నీ ఫొటోయేనా అమ్మా?’ అన్నాట్ట! అనడూ మరి? మా చెల్లెలు చామనచాయ. నవ్వితే ఎడమబుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ ఫొటోలో చాయా లేదు, సొట్టా లేదు. గోడకి సున్నం కొట్టినట్టు ముఖమంతా ఒకటే తెలుపు.

“అన్నయ్యా, నన్ను నాలాగే తియ్యి. వచ్చే నెల ఇంకోచోట రమ్మన్నారు” అంది. అంతే, ఎనిమిది వేలు జేబులో పెట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీలో పడ్డాను.

మొదటి దుకాణంలోనే ఓ పెద్ద సంచి నా ముందు పెట్టారు. “తీస్కో అన్నా! మూడు లైట్లు, మూడు స్టాండ్లు, మూడు డబ్బా గుడ్డలు, సంచి ఫ్రీ. నీ ఎనిమిది వేలల్లనే వస్తది” అన్నాడు దుకాణదారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందంటే, అలా ఎత్తుకుపోవాలనిపించింది. కానీ ఎనిమిది వేలని మూడు పెట్టి భాగిస్తే ఎంత? ఒక్కో లైటుకీ, దాని స్టాండుకీ, దాని గుడ్డకీ కలిపి మూడు వేలు కూడా రాదు. గాలేస్తే ఊగే స్టాండు, రంగు సరిగ్గా చూపించలేని బల్బు. అలాంటివి మూడొస్తే ఏం లాభం? వంకర కాళ్ళ బల్లలు మూడు కొన్నంత మాత్రాన ఒక గట్టి బల్ల అవుతుందా?

అసలు మూడు లైట్ల సంగతేమిటో చూద్దాం. ముఖాన్ని తీర్చిదిద్దేది ప్రధానమైన లైటు. దాన్ని ‘కీ’ అంటారు. నీడల్ని కాస్త పలచన చేసేది ‘ఫిల్’. వెనకనించి జుట్టు అంచుల్ని వెలిగించేది ‘బ్యాక్’. ఈ మూడింటిలో ముఖానికి ప్రాణం పోసేది మొదటిదే. మిగతా రెండూ దాని వెనక తిరిగే అసిస్టెంట్లు. డైరెక్టరుకి డబ్బివ్వకుండా అసిస్టెంట్లని పెట్టుకుంటే సినిమా ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా కొత్తవాళ్ళం మూడు లైట్లనీ మూడు పక్కలనించీ ఒకే మోతాదులో కొట్టేస్తాం. ఒకదాని నీడని ఇంకొకటి తుడిచేస్తుంది. నీడ పోయాక ముక్కు లేదు, చెంప ఎముక లేదు, సొట్ట లేదు. మా చెల్లెలి ఫొటోకి పట్టిన గతి అదే!

‘మరి ఒక్క లైటయితే గొడ్డులా కొట్టదా, నీడ నల్లగా పడదా?’ అని మీరడగొచ్చు. అక్కడే ఉంది కిటుకు. నీడ కరుగ్గా పడాలా, మెత్తగా పడాలా అనేది వాట్ల మీద ఆధారపడదండీ! ముఖం నించి చూస్తే ఆ దీపం ఎంత పెద్దగా కనపడుతుందనే దాని మీద ఆధారపడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణే తీసుకోండి. అంత పెద్ద గోళం కూడా దూరం మూలాన మనకి రూపాయి బిళ్ళంతే కనపడుతుంది. అందుకే నీడ కత్తితో కోసినట్టుంటుంది. అదే మబ్బు పట్టిందనుకోండి, ఆకాశమంతా ఒకే పెద్ద దీపమైపోతుంది. ఇక నీడే దొరకదు. అంచేత చిన్న లైటు కొన్నా దాని ముందు పెద్ద తెల్లగొడుగు పెట్టి ముఖానికి దగ్గరగా తెస్తే, అది మీ సొంత మబ్బు!

ఈ మాట నా బుర్రలోంచి పుట్టింది కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’లో కాశీలో ఉన్న ఇంటి వాకిలిని స్టూడియోలోనే సెట్టు వేశారు. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర ఆ వాకిలి మీద తెల్లబట్ట పరిచి కట్టించి, లైట్లని నటుల మీదికి కాకుండా కిందనించి ఆ బట్ట మీదికి కొట్టించారు. అక్కణ్ణించి తిరిగొచ్చిన వెలుగు అచ్చం ఆకాశంలోంచి దిగినట్టుంది. చూసినవాళ్ళు అది సెట్టంటే నమ్మలేదు. బట్ట గొప్పదా, లైటు గొప్పదా? మన దగ్గర 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ సంగతి చూడండి. బాలు మహేంద్ర కెమేరా ముందు ఆ ముఖాలు వాటి సొంత రంగుతోనే ఉంటాయి. కిటికీలోంచో వాకిట్లోంచో వచ్చినట్టుండే వెలుగు ఒక పక్కన పడుతుంది, రెండో పక్క నీడకి వదిలేస్తారు. 1957 నాటి ‘మాయాబజార్’ పడవపాటలో మార్కస్ బార్ట్‌లే కురిపించిన వెన్నెల గురించి మా తాతగారి తరం ఇప్పటికీ మురిసిపోతుంది. ఆ మహానుభావుల దగ్గర లైట్లకి కరువా? లేదు. ఎక్కడ వెలిగించకూడదో వాళ్ళకి తెలుసు, అదీ సంగతి.

సరే, ఒక్కటే కొనాలని తేలింది. ఏది కొనాలి, ఫ్లాషా, ఎల్.ఇ.డి.యా? ఇక్కడ మొహమాటం వద్దు. మీరు తీసేది ఫోనుతో అయితే ఎల్.ఇ.డి.యే. మామూలు ఫ్లాషులు ఫోను కెమేరాతో జతకట్టవు. వీడియో కూడా తీస్తానంటే మళ్ళీ ఎల్.ఇ.డి.యే. దాంట్లో ఇంకో సుఖం, నీడ ఎక్కడ పడుతోందో కంటికి ముందే కనపడుతుంది.

అదే కెమేరాతో ఫొటోలు మాత్రమే అంటారా, ఫ్లాషు ముందు ఎల్.ఇ.డి. నిలవదు. లెక్క చెప్తాను చూడండి. 60 వాట్ల ఎల్.ఇ.డి. వెలుగుతుంటే మీరు సెకనులో 60వ వంతు షట్టరు కొట్టారు. ఆ ఫొటోకి ఖర్చయిన కరెంటు 1 వాట్-సెకను. చేతిలో పట్టే ఓ మాదిరి ఫ్లాషు ఒక్క మెరుపులో సుమారు 60 వాట్-సెకన్లు కుమ్మరిస్తుంది. ఎల్.ఇ.డి. కరెంటుని బాగా వాడుకుంటుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది గానీ, మాయమవదు. పైగా ఆ మెరుపు ఎంత పొట్టిదంటే చెయ్యి కదిలినా, జడ ఊగినా ఫొటో చెదరదు. నా దగ్గరున్నది ఓ పాత డి.ఎస్.ఎల్.ఆర్., కావలసింది ఫొటోలు. కనక ఫ్లాషుకే ఓటేశాను.

ఎల్.ఇ.డి. కొనేవాళ్ళకి రెండు పరీక్షలు. ఒకటి, రంగుల నాణ్యతకి సి.ఆర్.ఐ. అనే అంకె ఉంటుంది. 95, ఆ పైన ఉంటే మంచిది. ఇళ్ళల్లో వాడే బల్బులు చాలావరకు 80 దగ్గరే ఆగుతాయి. డబ్బామీది అంకెని నమ్మలేకపోతే మీ అరచేతినీ, ఓ ఎర్రగుడ్డనీ ఆ లైటు కింద ఫొటో తీసి, దుకాణం బయట పగటి వెలుగులో మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టండి. ఎర్రదనం చచ్చిపోయి చెయ్యి పచ్చకామెర్లు వచ్చినట్టుంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. మన చాయల్లో అందమంతా ఆ ఎర్రదనంలోనే ఉంది మరి. రెండు, ఫోనులో స్లోమోషన్ పెట్టి ఆ లైటుని తీయండి. మినుకు మినుకుమంటే అది వీడియోకి పనికిరాదు.

నా ఎనిమిది వేల పద్దు ఇదీ: సగం ఫ్లాషుకీ, దాన్ని దూరంనించి పేల్చే రేడియో ట్రిగ్గరుకీ. మిగతా సగంలో స్టాండు, గొడుగు, రెండింటినీ పట్టుకునే బ్రాకెట్టు, నాలుగు ఛార్జింగు సెల్లులు. గొడుగు 43 అంగుళాల తెల్లది, వెలుగు దానిలోంచి దూరి వచ్చే రకం. ఫ్లాషు మామూలు మాన్యువల్ రకమే. మోతాదు చేత్తో తిప్పుకోవాలి. అయితేనేం, నేర్చుకునేవాడికి అదే గురువు. ఇంట్లో నాన్నగారి కాలం నాటి ఫ్లాషు ఉంది కదా అని డిజిటల్ కెమేరా నెత్తిన తగిలించకండి. పాతవాటిలో కొన్నింటికి ట్రిగ్గరు దగ్గర 200 వోల్టులకి పైగా ఉంటుంది, కెమేరా ప్రాణాలు తీస్తుంది. ఇక ముందుముందు పెద్ద స్టూడియో లైటు కొనాలనుకునేవాళ్ళు ఎస్-మౌంటు ఉన్నది చూసుకోండి. దాన్ని పుట్టించిన బోవెన్స్ కంపెనీ 2017లో మూతపడింది గానీ ఆ మౌంటు మాత్రం రకరకాల కంపెనీల లైట్ల మీద బతికే ఉంది. ఒకసారి కొన్న డబ్బా గుడ్డలు లైటు మారినా పనికొస్తాయి.

ఫిల్ లైటు కొనలేదా అంటారేమో, కొన్నాను! స్టేషనరీ షాపులో తెల్ల థర్మోకోల్ అట్ట. సినిమా షూటింగుల్లోనూ వాడేది అదేగా! స్టాండు కాలి మీద బియ్యం సంచిలో ఇసక పోసి పెట్టాను. గొడుగున్న స్టాండుకి ఫ్యాను గాలి చాలు, బోర్లా పడటానికి.

ఆ ఆదివారం మా చెల్లెల్ని హాల్లో కూర్చోబెట్టాను. దానికి మీటరు దూరంలో, ఓ పక్కగా, కళ్ళకన్నా కాస్త ఎత్తున గొడుగు. వెనక గోడ దానికి ఇంకో రెండు మీటర్ల అవతల. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. కనక తెల్లసున్నం గోడ బూడిదరంగు తెరలా మారిపోయింది. బ్యాక్‌డ్రాపు ఖర్చు మిగిలింది! ఐ.ఎస్.ఓ. 100, అపెర్చరు 8, షట్టరు 160వ వంతు. షట్టరు ఇంకా పెంచి 200, 250 దాటిస్తే చాలా కెమేరాల్లో ఫొటోకి అడ్డంగా నల్లపట్టీ పడుతుంది, జాగ్రత్త.

ముందు థర్మోకోల్ అట్ట రెండో పక్కన పెట్టి తీశాను. బాగానే ఉంది. తర్వాత అట్ట తీసేసి, దాని స్థానంలో అమ్మ నల్లశాలువా కుర్చీమీద వేలాడదీశాను. ఆ పక్క నీడ చిక్కబడింది. చామనచాయ ముఖానికి అందం తెల్లబరిస్తే రాదండీ. చెంప మీద, ముక్కు మీద పరుచుకునే ఆ పలచని మెరుపులో ఉంది. పెద్ద గొడుగు ఆ మెరుపుని సిల్కుగుడ్డలా పరుస్తుంది. నవ్వమన్నాను. ఎడమబుగ్గ మీద సొట్టలో చిటికెడు నీడ నిలబడింది! కెమేరా వెనక తెరమీద చూసుకుని అది ఓ నిమిషం మాట్లాడలేదు. “ఇది నేనే కదన్నయ్యా!” అంది చివరికి. అంతకన్నా సర్టిఫికెట్టు ఏం కావాలి?

ఆ ఫొటోలు పట్టుకుని ఆడిషన్‌కి వెళ్ళొచ్చింది. వేషం వచ్చిందా అంటే, రాలేదు. కానీ ఈసారి ఎవరూ ‘ఇది నీ ఫొటోయేనా?’ అనలేదు. పేరు పిలవకముందే ఫొటో చూసి గుర్తుపట్టి లోపలికి రమ్మన్నారట. ఆ తర్వాత నటించడం దాని పని, గుర్తుపట్టించడం వరకే నా గొడుగు పని.

మీలో లైట్లు కొనబోతున్నవాళ్ళకి ఒక్క మాట. డబ్బులు జేబులో ఉంచుకుని ఈ వారం ఓ మంచి సినిమాకి వెళ్ళండి. క్లోజప్పు పడ్డప్పుడు నటుల కంటిపాపల్లో తెల్లచుక్కలు లెక్కపెట్టండి. గుండ్రంగా ఉంటే గుండ్రటి దీపం, పలకలా ఉంటే కిటికీయో, డబ్బా గుడ్డో. తర్వాత ముక్కునీడ ఏ పక్కకి వాలిందో చూడండి. పక్కసీటువాళ్ళు మిమ్మల్ని పిచ్చివాళ్ళనుకుంటే అనుకోనివ్వండి. వాళ్ళు కథ చూస్తున్నారు, మీరు దాంతోపాటు లైటింగు పాఠం కూడా వింటున్నారు. టిక్కెట్టు మాత్రం ఒక్కటే!