హబ్బు అంటే ఏందబ్బా?

మన చిలమత్తూరు వాళ్ళకు భాషల కరువు ఎప్పుడూ లేదు. వానలకే కరువు! ఇంట్లో తెలుగు, హిందూపురం బజార్లో ఉర్దూ, బెంగుళూరు పనుల్లో కన్నడం, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. కోపం వస్తే నాలుగూ కలిపి! కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి పోయినా వినిపించేది మన తెలుగే. తేడా ఒక్కటే. అక్కడోళ్ళు తెలుగులో మాట్లాడి కన్నడంలో రాస్తారు. మనం తెలుగులో మాట్లాడి ఇంగ్లీషులో రాస్తాం.

కలిపి మాట్లాడితే భాష చెడిపోతుందని నేననను. బస్సు, కరెంటు, పెన్ను మా అవ్వకు కూడా తెలుగే. మన హాస్టల్నే చూడండి. వార్డెన్ సార్ రికార్డుల్లో 'హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్' అయ్యారు. సాంబారు మాత్రం పేరు మార్చుకోలేదు, రుచీ మార్చుకోలేదు! మాట ఏ భాషదైనా అర్థమైతే మనదే. అర్థం కాని మాట మన నెత్తిన పడినప్పుడే తంటా.

రాజకీయాల్లో ఈ తమాషా ఇంకా బాగుంటుంది. తెలుగువారి ఆత్మగౌరవం అంటూ 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్‌ను మన హిందూపురం 1985, 1989, 1994లలో మూడుసార్లు గెలిపించింది. 2019లో 'నవరత్నాలు' అని చక్కటి పేరుతో వచ్చిన ప్రభుత్వం, అదే ఏడాది సర్కారు బళ్ళకు ఇంగ్లీషు మీడియం అంది. 2024లో, పేరులోనే తెలుగున్న పార్టీ 'సూపర్ సిక్స్' అంది. మేనిఫెస్టో ఒక భాషలో, పేరు ఇంకో భాషలో. ఓటు మాత్రం అచ్చ తెలుగులో వేసినాం!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, మన మండలానికి ఒక మాట చాలా ఖరీదైంది. 2009 ప్రాంతంలో 'లేపాక్షి నాలెడ్జ్ హబ్' పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కేటాయించారు. "హబ్బు అంటే ఏందబ్బా?" అని రచ్చకట్ట మీద ఒకరినొకరు అడుక్కున్నారు. కొందరు ఫ్యాక్టరీ అన్నారు, కొందరు కాలేజీ అన్నారు, కొందరు ఇంటికో ఉద్యోగం అన్నారు. చెప్పిన హబ్బు రాలేదు. మాట మాత్రం మన నిఘంటువులో చేరిపోయింది. ఇప్పుడు ఆ నేలను 'హబ్బు భూములు' అంటున్నారు. వేల ఎకరాలు పెట్టి ఒక్క ఇంగ్లీషు మాట కొనుక్కున్న మండలం ఇంకెక్కడైనా ఉందా?

పెద్ద సంగతులు అట్లుంటే, ఇంటి సంగతి చూడండి. ఒకరోజు ఒక ఆఫీసులో మా అవ్వతో "సర్వర్ డౌన్" అన్నారు. ఆమెకు తెలిసిన సర్వరు హోటల్లో దోసె తెచ్చేవాడు. "అయ్యో, ఎవరన్నా లేపినారా నాయనా?" అని అడిగింది. అందరూ నవ్వారు. సర్వర్ లేచింది. అవ్వ వేలు పెట్టింది. ముద్ర పడలేదు. చెనిక్కాయ చేలల్లో కలుపు తీసి తీసి గీతలు అరిగిపోయాయి. "అథెంటికేషన్ ఫెయిల్డ్" అన్నారు. అవ్వ నా వైపు తిరిగి, "నేను బడికే పోలేదు కదరా, ఫెయిలెట్లయితి?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కన్నో, ఫోనుకొచ్చే అంకెలో చూపించి పని చేయించుకోవచ్చని ఆమెకు తెలిసే మాటలో చెప్పేవాళ్ళు అక్కడ లేరు.

తెలుగును అధికార భాష చేస్తూ చట్టం 1966లోనే వచ్చింది. అవ్వ దాకా రావడానికి దానికి బస్సు దొరికినట్టు లేదు!

తమ్ముళ్ళారా, మన ఇళ్ళల్లో చాలామటుకు కాగితం చదవగలిగిన మొదటి మనుషులం మనమే. ఇంగ్లీషు నేర్చుకోండి, గట్టిగా నేర్చుకోండి. క్లాసులో నోరు తిరగలేదని ఎవరైనా నవ్వితే నవ్వనీండి. కానీ ఆ ఇంగ్లీషును సెల్ఫీ కింద రాసుకోవడానికే దాచుకోకండి. సెలవులకు ఊరికి పోయినప్పుడు, ఇంటికొచ్చిన ప్రతి కాగితాన్నీ అవ్వకు, నాయనకు తెలుగులో చదివి వినిపించండి. వేలిముద్ర వేశాక కాదు, వేసే ముందే! ఇంకోసారి ఏదైనా కొత్త పేరు మన ఊరికి వస్తే, "అంటే ఏందబ్బా?" అని రచ్చకట్ట మీద కాదు, సభలో నిలబడి అడగండి. జవాబు తెలుగులో వచ్చేదాకా కూర్చోకండి.