దూరపు ఊరి కుక్కపిల్ల

పిల్లలూ! మీలో కుక్కపిల్లను పెంచుకోవాలని ఎంతమందికి ఉన్నదో నాకు తెలుసు. ముప్పయ్యేళ్లకు పైగా బడిపంతులుగా ఉండి, హెడ్మాస్టరుగా పని విరమించినవాణ్ణి. “నీకు ఏమి కావాలి?” అని వ్యాసం వ్రాయమంటే ప్రతి తరగతిలోనూ నలుగురైదుగురు కుక్కపిల్ల అనే వ్రాసేవారు. ఆ రోజుల్లో కుక్కపిల్ల అంటే పక్కవీధిలో పుట్టిన పిల్లే. ఫోనులో బొమ్మ చూచి, డబ్బు పంపి, ఎక్కడో ఉన్న కుక్కపిల్లను తెప్పించుకోవటం ఈ కాలపు సంగతి. అది మంచిదా, కాదా? నిరుడు ఈ ప్రశ్న మా యింటికే వచ్చింది.

మా మనవడు విజయవాడలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడికి రాజపాళయం కుక్క కావాలి. తెల్లని పొట్టి వెంట్రుకలు, గులాబిరంగు ముక్కు, సన్నని నడుము, పొడుగాటి కాళ్లు. అడవిపందుల వేటకు పేరుపొందిన జాతి. తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం ఊరి పేరే దానికి వచ్చింది. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద బిళ్లలు వేసినప్పుడు, ముధోల్, రాంపూర్, హిమాలయ కుక్కలతో పాటు దీనికీ చోటు దక్కింది.

“తాతయ్యా, అది తెలుగువాళ్ల కుక్కే!” అన్నాడు మావాడు. ఆ మాట బొత్తిగా అబద్ధం కాదు. విజయనగర రాజుల కాలంలో ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి పోయిన రాజుల కుటుంబాలు ఆ ఊళ్లో స్థిరపడినవి. వారి యిళ్లలో యిప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారిది ఆ ఊరే.

మావాడు ఫోనులో ఒక అమ్మకందారును పట్టుకున్నాడు. (అతని పేరూ, ఊరూ మనకు అనవసరం.) బొమ్మలో పిల్ల ముద్దుగానే ఉన్నది. పెళ్లిచూపులకు పంపే ఫోటోలో ఎవరు మాత్రం బాగుండరు? వెల పదిహేను వేలు, సగం ముందుగా బయానా. “తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బర్రెను” అని మన పెద్దలన్నారు గదా, నాలుగు ప్రశ్నలు వ్రాయమన్నాను. పిల్ల వయసెంత? ఏ టీకాలు వేశారు? తల్లి ఎక్కడ ఉన్నది? వెనుకనుంచి చప్పుడు చేస్తే పిల్ల తిరిగి చూస్తుందా?

జవాబు వచ్చింది. పిల్ల స్వచ్ఛమైన తెలుపు. మరి అయిదుగురు అడుగుతున్నారు. వయసు 35 రోజులు. డబ్బు అందితే రేపే బండి ఎక్కిస్తాను. తల్లి వేరే చోట ఉన్నది. చప్పుడు సంగతి లేనే లేదు.

బయానా పంపవద్దన్నాను. ఆ రాత్రి మావాడు అన్నం సరిగా తినలేదు. మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి, కారణాలన్నీ చెప్పాను. మీకూ చెబుతాను.

మొదటిది వయసు. 1961లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు ఒక పరిశోధన ప్రకటించారు. కుక్కపిల్లలను మనుష్యుల పొత్తు లేకుండా కంచె వేసిన పొలంలో పెరగనిచ్చి, కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడో వారంలో, అయిదు, ఏడు, తొమ్మిది వారాలప్పుడు కొన్నిటిని బయటికి తెచ్చి, ఒక్కొక్క వారం మనుష్యుల మధ్య ఉంచారు. పద్నాలుగు వారాల దాకా మనిషి చెయ్యి తగలని పిల్లలు అడవి జంతువుల్లాగే బెదిరిపోయినవి. కనుక మనిషి మచ్చిక ఆ తొలి వారాల్లోనే పడాలి. అయితే అయిదు వారాలకే తెచ్చుకోవచ్చునా? అదీ కూడదు. ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో, ఎప్పుడు ఆట మానాలో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గరా, తోబుట్టువుల దగ్గరా. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల్లోనే ఉన్నది. కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలనీ ఉన్నది.

రెండోది జబ్బు. పార్వో అనే విషజ్వరం కుక్కపిల్లలకు యముడు. వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీయగలదు. క్రిమి ఒంట్లో చేరిన మూడు నుంచి ఏడు రోజులకు గాని లక్షణాలు కనపడవు. అంటే రైలెక్కేటప్పుడు గంతులు వేసిన పిల్ల, మీ యింటికి వచ్చిన నాలుగో రోజున పడిపోవచ్చు! తల్లి మొదటి పాలతో వచ్చే రక్షణ కొన్ని వారాల్లో తరిగిపోతుంది. అది ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాల దాకా టీకాలు మళ్లీ మళ్లీ వేస్తారు. 35 రోజుల పిల్లకు ఈ రెండు రక్షణలూ అరకొరే.

మూడోది చెవి. లోపలి చెవిలో రంగునిచ్చే కణాలు కొన్ని ఉంటవి. చెవికి రంగెందుకని అడుగుతారేమో! వినికిడి కణాలు బ్రతకటానికి వాటి సాయం కావాలి. కొన్ని తెల్లజాతులలో అవి లోపించి, పుట్టిన కొద్ది వారాల్లోనే పిల్ల చెవిటిదవుతుంది. డాల్మేషియన్ కుక్కల్లో ఇది ప్రసిద్ధం. రాజపాళయం జాతిలోనూ ఉన్నది. బొమ్మలో చెవులు కనిపిస్తవి గాని, వినికిడి కనిపించదు.

మావాడు అంతా విని, “అయితే దూరం నుంచి కొననే కూడదా?” అన్నాడు. అలా అనను. దేశవాళీ జాతులు పుట్టినచోటనే బాగా దొరుకుతవి. ముధోల్ కుక్కల కోసమైతే కర్ణాటకలో ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రమే ఉన్నది. మన ఊరి దుకాణంలో పంజరంలో పెట్టి అమ్మే పిల్లకు మాత్రం తల్లి కనపడుతుందా? పిల్లను రప్పించుకోవటానికి బదులు మనమే వెళ్లి చూడాలి, అంతే.

దసరా సెలవుల్లో మేమిద్దరం చెన్నై వెళ్లి, రాత్రి బండిలో రాజపాళయం చేరాము. అక్కడి పశువుల డాక్టరు ఒకరు ఒక యిల్లు చూపించారు. ఇంటావిడ మాతో తెలుగులోనే మాట్లాడింది, అది మన తెలుగుకు పాత మేనత్తలా వినిపించింది. తల్లికుక్క మమ్మల్ని చూచి ఒకసారి మొరిగి, ఆవిడ ఒక్క మాట అనగానే వచ్చి పడుకున్నది. అయిదు వారాల పిల్లలు అయిదు నిద్రపోతున్నవి. మావాడు ఆవిడ అనుమతి అడిగి, గోడ చాటు నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టాడు. నాలుగు పిల్లలు తలలెత్తినవి. ఒకటి కదలలేదు.

“దానికి వినపడదు బాబూ. దాన్ని ఎవరికీ అమ్మను. చేతి సైగలు నేర్పుకుని మేమే ఉంచుకుంటాము,” అన్నది ఆవిడ.

ఆ తరవాత ప్రశ్నలు మా మీదికి తిరిగినవి. మీ యిల్లు ఎలాంటిది? పగలు ఎవరుంటారు? మావాడు నా వంక చూచి, “మూడో అంతస్తులో రెండు గదులు. పగలు తాళం వేసి ఉంటుంది,” అన్నాడు. ఇది పరుగెత్తే జాతి, అక్కడ బ్రతకదన్నది. తాతగారికి తెనాలి దగ్గర పల్లెలో పెరడు ఉన్నదని వాడు చెప్పగానే ఆవిడ నా వయసు అడిగింది. అరవయ్యారు అన్నాను. కుక్క పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. లెక్కల పంతులుకు ఆ కూడిక చెప్పనవసరం లేదు. డెబ్భై ఎనిమిదేళ్ల ముసలివాడు వేటకుక్క వెంట నడవగలడా? గడువు అడిగాను. ఎలాగూ ఎనిమిది వారాలు నిండేదాకా ఇవ్వనన్నది.

ఇంటికి రాగానే మా అన్నయ్య కొడుకుతో మాట్లాడాను. పక్క యింట్లోనే కాపురం, రోజూ తెల్లవారుజామున పొలానికి పోతాడు. “నా వెంట తీసుకుపోతాను బాబాయ్, నీ తరవాతా నాదే పూచీ,” అన్నాడు. సెలవు దినాల్లో తిండి, స్నానం, దొడ్డి ఊడవటం తనవని మావాడు కాగితం మీద వ్రాసి సంతకం పెట్టాడు. తరవాత టేపు తెచ్చి పెరటి గోడ కొలిచాడు. మూడున్నర అడుగులే ఉన్నది. తాపీమేస్త్రీకి కబురు చేశాను.