మా ఫూఫీ బట్టను వెనక్కి తిప్పి చూస్తది



మన గ్రూప్‌లో కొత్తగా ఉద్యోగాలు వచ్చినోళ్లు చాలామంది ఉన్నరు. మొదటి జీతం పడగానే ఇంట్ల పెద్దోళ్లకు ఏదన్నా తీసుకపోవాలె అనిపిస్తది. అమ్మకు చీర, బాపుకు ఫోను, అది సులువే. కానీ ప్రతి తండాలో, ప్రతి గూడెంలో ఏం తెచ్చినా నచ్చని పెద్దమనిషి ఒకరు ఉంటరు. అట్లాంటి మనిషికి చేతితో కుట్టిన వస్తువు ఏం కొనాలె, చూసి ఎట్ల కొనాలె అన్నదే ఈ పోస్టు. కొంచెం పొడుగు ఉంటది, ఓపికతో చదవండి.

మా ఇంట్ల ఆ మనిషి మా ఫూఫీ, అంటే మేనత్త. దేవరకొండ దిక్కు తండా మాది. ఆమెకు ఇప్పటిదాక వచ్చిన బహుమతుల లెక్క చెప్తా. మా అన్న పట్టుచీర తెచ్చిండు, "జారుతది" అని కోడలికి ఇచ్చేసింది. వదిన ఉన్ని శాలువా తెచ్చింది, అది పెట్టెలనే ఉన్నది. పెద్దనాయన కొడుకు స్టీలు ఫ్లాస్కు తెచ్చిండు, అందుల ఇప్పుడు కంది విత్తనాలు ఉన్నయ్. నోటితో బాలేదని ఎప్పుడూ అనది. "పెట్టు అక్కడ" అంటది. ఆ రెండు మాటలు చాలు, మన పని అయిపోయినట్టే.

ఇట్లాంటోళ్లను మనం చాదస్తం అంటం, గర్వం అంటం. నేను చూసినంతవరకు సంగతి వేరే. మా ఫూఫీ చేతిపని తెలిసిన మనిషి. తన పెండ్లికి తనే తన తల్లితోని కూర్చొని పేట్యా, కాంచళి, టుక్రి కుట్టుకున్నది. అద్దం ఎట్ల బిగించాలె, గవ్వ ఎక్కడ కుట్టాలె, ఏ కుట్టు పక్కన ఏ కుట్టు రావాలె అన్నీ చేతిల ఉన్నయ్. పని తెలిసినోళ్లకు పనితనం లేని వస్తువు నచ్చది. అంతే.

మరి నువ్వే కుట్టి ఇయ్యొచ్చు కదా అంటరేమో. నాకు కుట్టు రాదు. అయిదో తరగతిల ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కు పోయిన. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చొని సూది తీస్తే గుంజుకునేది. "నీ చేతికి పెన్ను చాలు, సూది నా దగ్గరనే ఉండనీ" అనేది. మన తరంల చదువుకున్న ఆడపిల్లల కథ చాలావరకు ఇదే. సాయంత్రం పూట అమ్మల పక్కన కూర్చొని నేర్చుకునే పని అది. ఆ సాయంత్రాలు మనం స్టడీ అవర్ల ఉన్నం.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలె. నేను ఇంటర్‌ల చేరిన ఏడు హాస్టల్‌కు కట్టే పైసలు తక్కువ పడ్డయ్. ఆ నెలలనే పాత బట్టలు కొనేటోళ్లు తండాకు వచ్చిండ్రు. ఫూఫీ పెట్టె తీసి పెండ్లి పేట్యా, కాంచళి ఇచ్చేసింది. నాలుగు వేలు వచ్చినయ్. ఆ పైసలు నా చేతిల పెట్టి "కట్టేసి రా" అన్నది. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కొన్నేండ్లకు నేను పట్నంల ఒక ఎగ్జిబిషన్‌ల పాత పేట్యాలు కత్తిరించి కుట్టిన హ్యాండ్‌బ్యాగులు చూసిన. ఒక్క బ్యాగు మూడు వేల అయిదు వందలు. ఒక పేట్యా ముక్కలు చేస్తే అట్లాంటివి ఎన్ని అయితయో మీరే లెక్కేసుకోండి. కుట్టినామె పేరు మాత్రం ఏ బ్యాగు మీదా లేదు.

అందుకే గురుకులంల ఉద్యోగం వచ్చి జీతం పడగానే, ఫూఫీకి కుట్టుపని వస్తువే ఇయ్యాలె అనుకున్న. అది కూడా ఆమె "పెట్టు అక్కడ" అనకుండ ఉండేది కావాలె.

ముందు అంగళ్లు తిరిగిన. ఇప్పుడు తీజ్ పండుగకు, సేవాలాల్ జయంతికి డాన్సులు ఎయ్యడానికి రెడీమేడ్ సెట్లు దొరుకుతున్నయ్. దూరం నుంచి చూస్తే మనదే అనిపిస్తది. ఫూఫీ ఏ కుట్టు పనినైనా ముందు వెనక్కి తిప్పి చూస్తది కదా, నేను కూడా అట్లనే తిప్పి చూసిన. అప్పుడు సంగతి తెలిసింది. అక్కడ నేర్చుకున్నది మీకు పనికొస్తదని రాస్తున్న.

మిషన్ ఎంబ్రాయిడరీకి వెనక వైపు ఎక్కువగా ఒకే రంగు దారం, చాలాసార్లు తెల్లదారం, కనిపిస్తది. పై దారం ఏ రంగైనా కింద బాబిన్ దారం అదే కాబట్టి. కొన్నిటికి వెనక కాగితం లాంటి పొర కూడా అతుక్కొని ఉంటది. చేతిపనికి ముందు ఏ రంగు ఉంటే వెనక కూడా అదే రంగు ఉంటది. ముడులు కనిపిస్తయ్, ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టుకు దారం పోయిన దారి కనిపిస్తది. ఆ దారి చూసే ఫూఫీ కుట్టినామె ఓపికమంతురాలా, తొందరమనిషా చెప్తది.

అద్దాన్ని వేలితో తాకండి. గాజుదైతే చల్లగ, బరువుగ ఉంటది. ప్లాస్టిక్ అయితే తేలిక, గోరుతో గీకితే గీత పడ్తది. చేతిపనిల అద్దం చుట్టూ దారంతోని ముందు అడ్డంగ నిలువుగ కట్టి, ఆ కట్టును పట్టుకొని చుట్టూ కుట్టుకుంట వస్తరు. అద్దం బట్టకు బిగుసుకొని ఉంటది. రెడీమేడ్ రింగులల్ల ఉన్నవి గమ్‌తోని అతికిస్తరు, రెండు ఉతుకులకే ఊడుతయ్. గవ్వలు కూడా ప్లాస్టిక్‌వి వచ్చినయ్, అన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు ఉంటే అనుమానపడండి. తెల్ల చేతిరుమాలు తడిపి బట్ట మీద రుద్దితే రంగు దిగుతదా లేదా తెలుస్తది.

ఈ వెనక వైపు చూసుడు మా ఒక్కరి అలవాటే కాదు. నీలగిరిల తోడా ఆదివాసులు తెల్లబట్ట మీద ఎరుపు, నలుపు దారాలతోని కుట్టే శాలువాలు ఉంటయ్. 2013ల ఆ పనికి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కుట్టు రెండు దిక్కులా బాగుంటది, వాళ్లు గరుకుగ ఉన్న దిక్కునే సరైన దిక్కు అని లెక్కపెడ్తరు. మనం వెనక అనేది వాళ్లకు ముందు అన్నట్టు.

మన లంబాడీ కుట్టుకు కూడా పేరు వచ్చింది, కాకపోతే కర్ణాటకల. బళ్లారి జిల్లా సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి జీఐ ఉన్నది. 2023 జులైల హంపిల జీ-20 సంస్కృతి బృందం మీటింగ్ జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబాణీ ఆడోళ్లు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. ఇక్కడ మనం ఎస్టీ, అక్కడ వాళ్లు ఎస్సీ, మహారాష్ట్రల విముక్త జాతి. సర్టిఫికెట్లు మారినయ్ గని సూది మాత్రం ఒక్కటే. సండూరుల పద్నాలుగు రకాల కుట్లకు పేర్లు పెట్టి రాసి ఉంచిండ్రు. మన తండాలల్ల ఎన్ని ఉన్నయో రాసిపెట్టినోళ్లు నాకు ఇంకా దొరకలేదు.

సరే, ఏం కొనాలె? గోడకు తగిలించేది చూసిన. ఫూఫీ ఇంట్ల గోడకు ఇప్పటికే సేవాలాల్ మహారాజ్ ఫోటో, క్యాలెండర్ ఉన్నయ్, అవి చాలు ఆమెకు. దిండు కవర్లు చూసిన. అద్దాలున్న దిండు మీద తల ఎవరు పెడ్తరు? కొత్త పేట్యా సెట్టు కుట్టిస్తే ఎట్ల ఉంటదని కూడా ఆలోచించిన. కానీ అమ్ముకున్నదానికి బదులు ఇంకొకటి తెచ్చి పెడితే లెక్క తీర్చినట్టు ఉంటది. ఆమె నాకు అప్పు ఇయ్యలేదు, తీర్చనీకె.

చివరికి కోత్ళీ అనుకున్న. ఆకు, వక్క, చిల్లర పెట్టుకొని నడుముకు చెక్కుకునే చిన్న సంచి. ఫూఫీకి రోజూ పనికొస్తది. ఇప్పుడు ఆమె బీపీ గోలీలు, పింఛన్ పైసలు ప్లాస్టిక్ కవర్ల చుట్టి కొంగుకు ముడేస్తున్నది. పనికిరాని అందం ఆమెకు అక్కరలేదు, పనికొచ్చే వస్తువు అందంగ ఉంటే మాత్రం వద్దనది.

కుట్టే మనిషి కోసం నెల రోజులు అడిగిన. నా ఫ్రెండ్ వాళ్ల అమ్మ పక్క మండలం తండాల ఉంటది, ఇంకా కుడ్తది అని తెలిసింది. నూలుబట్ట, దారాలు, గాజు అద్దాలు, గవ్వలు నేనే కొని ఇచ్చిన. పగలు పత్తి చేనుకు పోయేది, రాత్రి రెండు గంటలు కుట్టేది. ఇరవై రాత్రులు పట్టింది. ఎంత ఇయ్యమంటవ్ యాడీ అంటే "ఎనిమిది వందలు ఇయ్యి బేటీ" అన్నది.

నేను లెక్క చేసిన. ఇరవై రాత్రులు, రోజుకు రెండు గంటలు, మొత్తం నలభై గంటలు. ఎనిమిది గంటలు ఒక రోజు అనుకుంటే అయిదు రోజుల పని. 2024-25ల మన రాష్ట్రంల ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అయిదు రోజులకు 1,500. ఎనిమిది వందలు అడిగినామెకు పదిహేను వందలు ఇచ్చిన. ఆమె వద్దు వద్దన్నది, చేతిల పెట్టి వచ్చిన.

కోత్ళీ ఫూఫీకి ఇచ్చిన. మీరు అనుకున్నట్టే ముందు లోపలి దిక్కు బయటికి తిప్పింది. కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కో వరుస చూసింది.

"ఎవరు కుట్టిండ్రు?"

చెప్పిన.

"భూక్యావాళ్లా, వడ్త్యావాళ్లా?"

అది కూడా చెప్పిన. ఆమె తల్లిగారి ఊరు ఏదో అడిగింది. నాకు తెలిసింది కాబట్టి సరిపోయింది.

"ఈ మూల దగ్గర నిద్ర వచ్చింది ఆమెకు. చూడు, కుట్టు పెద్దగ పడ్డది." ఇంకొంచెం చూసి, "మిగతాది మంచి చెయ్యే" అన్నది. మా ఇంట్ల ఎవరి బహుమతికీ ఆ మాట రాలేదు.

తర్వాత ఎంత ఇచ్చినవ్ అని అడిగింది. ఉపాధి కూలి లెక్కన ఎట్ల లెక్కగట్టిననో వివరంగ చెప్పిన. ఆమె నవ్వింది.

"గడ్డపార ఇస్తే తండాల ఎవలన్నా తవ్వుతరు. సూది ఇస్తే ఎందరు ఈ పని చేస్తరు? రెంటికీ ఒకటే కూలా?"

నా దగ్గర జవాబు లేకుండె. గవర్నమెంటు లెక్కలల్ల నైపుణ్యం లేని పని అని రాసే రేటును నేను అంత నైపుణ్యం ఉన్న పనికి కట్టిన, అది న్యాయమే అనిపించింది, ఎందుకంటే ఆమె అడిగింది దానికంటే తక్కువ. మన ఆడోళ్లు తమ పనికి తాము ఎంత తక్కువ ధర పెట్టుకుంటున్నరో అప్పుడు అర్థమైంది. నాలుగు వేలకు పేట్యా అమ్మిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. ధర తెల్వక అమ్మలేదు ఆమె. తెలిసే అమ్మింది.

కోత్ళీకి నేను ఏసిన నాడా మాత్రం ఆమెకు నచ్చలేదు. తీసిపారేసి, మూడు రంగుల దారం తనే అల్లి ఎక్కించింది. ఇప్పుడు గోలీలు, పింఛన్ పైసలు, ఆధార్ కార్డు అందులనే ఉన్నయ్. బాగుందని ఇప్పటికీ అనలేదు. నడుముకు మాత్రం రోజూ ఉంటది.

ఇగ మీకు చెప్పేది ఇంతే. మనలో చాలామందికి కుట్టు రాదు, ఇప్పుడు అందరం నేర్చుకుంటం అని అబద్ధం చెప్పలేను. కానీ చదవడం వచ్చినోళ్లం కదా, కుట్టును కూడా చదవడం నేర్చుకోవచ్చు. కొనేముందు తిప్పి చూడండి. ఎవరు కుట్టిండ్రో పేరు, తండా అడగండి, ఇచ్చేటప్పుడు ఆ పేరు చెప్పి ఇయ్యండి. వాళ్లు రోజూ వాడే వస్తువు ఎంచుకోండి. అడిగిన ధర తక్కువైతే గంటలు లెక్కపెట్టండి, ఆ లెక్క తవ్వే పని కూలి కాడ ఆపకండి. ఇంట్ల పాత పేట్యా, కాంచళి ఉంటే అమ్మే అవసరం రావొచ్చు, దాన్ని తప్పు అనను. అమ్మేముందు ముందు దిక్కు, వెనక దిక్కు ఫోటోలు తీసి, ఒక్కో కుట్టు పేరు పెద్దోళ్లను అడిగి రాసిపెట్టుకోండి.

మా అమ్మ కోసం రెండో కోత్ళీ ఆ యాడీతోనే కుట్టిస్తున్న. ఈసారి రోజుకు 600 లెక్కన మాట్లాడుకున్నం. ఫూఫీకి చెప్తే "ఇంకా తక్కువే" అన్నది. మీ తండాల, మీ గూడెంల ఇంకా కుట్టేటోళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లను అడిగి, వాళ్లు సరే అంటేనే, ఏ కుట్టు వస్తదో, ఎంత తీసుకుంటరో గ్రూప్‌ల రాయండి. కొనేటోళ్లం మనలోనే చాలామందిమి ఉన్నం.

రాం రాం.