ఎర్ర గుంపు కింద కొర్రమీను

మృగశిర పోయి ఆరుద్ర వచ్చింది. నాలుగు వానలు గట్టిగా పడ్డాయి. ఎండాకాలమంతా పగుళ్లు తేలిన చెరువులో నడుముల్లోతు నీళ్లు చేరాయి. తెలంగాణలో ఏ పల్లెకు వెళ్లినా ఈ రోజుల్లో చెరువు కట్ట మీద గాలాలు పట్టుకున్న మనుషులు కనిపిస్తారు. అలాంటి ఓ కట్ట మీద ఒక తాత, పదేళ్ల మనవడు కూర్చున్నారు. పక్కన రేకు డబ్బాలో నాలుగు చిన్న కప్పలు.

"తాతా, అగో... నీళ్లల్ల ఏదో ఎర్రగ కదులుతాంది!"

"కొర్రమీను పిల్లలురా అవి. గట్టిగ మాట్లాడకు. కింద తల్లి ఉంటది."

తుంగ పక్కన జల్లెడంత మేర నీళ్లు ఎర్రబారి ఉన్నాయి. ఉన్నట్టుండి అన్నం ఉడికినట్టు బుడబుడమంటాయి, మళ్లీ సద్దుమణుగుతాయి. వందల పిల్లలు ఒక్కసారిగా పైకొచ్చి గాలి మింగి దిగిపోవడమే ఆ బుడబుడ.

తల్లి అంటారు గానీ, అక్కడ కాపలా కాసేది తండ్రి కూడా. తొలి వానలకు జంట కలిసి నాచు, తుంగ పక్కకు తోసి గుండ్రంగా చోటు చేసుకుంటుంది. గుడ్లలో నూనె బొట్టు ఉంటుంది కాబట్టి అవి మునగవు, నీటి మీదే తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. అప్పట్నుంచి దాదాపు నెల రోజులు ఆ గుంపు ఎటు పోతే అటు, దాని కిందే పెద్ద చేప. కప్ప వచ్చినా, పాము వచ్చినా, మరో చేప వచ్చినా మీద పడుతుంది. దొరికిన చేపనల్లా మింగే ఈ వేటగాడు తన పిల్లల దగ్గర మాత్రం కావలివాడైపోతాడు. చేపల్లో ఎక్కువ భాగం గుడ్లు పెట్టి వాటి దారిన అవి పోతాయి. రోహు, బొచ్చె అంతే కదా!

కొర్రమీను మొండిది. మొప్పలొక్కటే దానికి చాలవు. తల లోపల గాలి పీల్చుకునే గదులున్నాయి. పైకొచ్చి గాలి మింగకుండా అడ్డుకుంటే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ గదుల పుణ్యమాని చెరువు ఎండితే బురదలో దూరి వాన కోసం ఎదురుచూస్తుంది. తడి నేల మీద పాక్కుంటూ పక్క కుంటకు చేరుతుంది. అంగడిలో పళ్లెం అడుగున రెండు వేళ్ల మందం నీళ్లలో గంటల తరబడి కదులుతూ ఉంటుంది. బతికున్న చేప కాబట్టే దానికి గిరాకీ. రోహు కిలో ధరకు రెండు మూడింతలు పలుకుతుంది.

ఇంత మొండి చేపను పట్టడానికి జాలర్లకు తెలిసిన సులువైన దారి ఆ ఎర్ర గుంపే. గాలానికి కప్పను గుచ్చి పిల్లల మధ్యలో ఆడిస్తే చాలు. కింది నుంచి పెద్ద చేప దూసుకొచ్చి పట్టేస్తుంది. ఆకలితో కాదు, కోపంతో. పిల్లల జోలికొచ్చిందని! రెండో చేప కూడా ఒక్కోసారి అలాగే దొరుకుతుంది. ఆ తర్వాత కాపలా లేని గుంపు సంగతి చెప్పేదేముంది? జెల్లలు, కొంగలు, నీటిపాములు చూసుకుంటాయి.

దీనికి తోడు మృగశిర ఒకటి. ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణ ఇళ్లలో ఆచారం. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో మింగించేదీ కొర్రమీను పిల్లనే. అంటే, సరిగ్గా కొర్రమీను గుడ్లకు వచ్చే రోజుల్లోనే మనకు దాని మీద మనసు పుడుతుంది. బుట్ట దగ్గర నిలబడి "గుడ్డున్న చేప ఇయ్యి" అని అడిగేవాళ్లూ మనలోనే ఉన్నారు.

తెలంగాణకు ఇది రాష్ట్ర చేప. కానీ చెరువుల లెక్కల్లో దీనికి గౌరవం తక్కువ. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా వదిలించిన చేప పిల్లల్లో బొచ్చె, రోహు, మోసు వంటివే ఎక్కువ. వాటిని మింగేస్తుందని కొర్రమీనును శత్రువుగా చూస్తారు. పెంపకం గుంటల్లో పిల్లల్ని వదిలే ముందు ఇప్ప చెక్క చల్లి ఇలాంటి చేపలన్నిటినీ చంపేయడం మామూలే. నిజానికి చెరువును ముంచెత్తే తిలాపియా పిల్లలనూ, జబ్బుపడి ఈదలేని చేపలనూ ఏరి తినేది ఈ వేటగాళ్లే. ఆ మేలు ఎవరి ఖాతాలోనూ పడదు.

కొర్రమీను, మట్టగిడిస, పూమేను వేరువేరని జాలర్లకు ఎప్పట్నుంచో తెలుసు. డీఎన్ఏ చూసే శాస్త్రవేత్తలు ఇంకా లోతుకు వెళ్లారు. పడమటి కనుమల దక్షిణ భాగంలోని పూమేను, మిగతాచోట్ల పూమేను ఒకటి కావనీ, అది వేరే జాతి అనీ 2017లో తేల్చారు. మట్టగిడిసలోనూ ప్రాంతానికో వంశం ఉన్నట్టు బయటపడింది. కేరళలో నేల లోపలి నీళ్లలో బతికే వీటి చుట్టం ఒకటి 2019లో లోకానికి పరిచయమైంది. మరుసటి ఏడాది దానికి ఏకంగా కొత్త కుటుంబాన్నే కేటాయించాల్సి వచ్చింది!

పైకి ఒకేలా కనిపించినంత మాత్రాన లోపల ఒకటే అనుకోవడానికి లేదన్నమాట. కొర్రమీనుకు ధర బాగుందని దూరప్రాంతాల పిల్లల్ని తెచ్చి పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. గుంటలో పెంచి అమ్మితే ఒక సంగతి. అలుగు పారినప్పుడు ఆ చేపలు చెరువులోకి, వాగులోకి చేరితే మరో సంగతి. మన బురదకు, మన ఎండలకు అలవాటుపడ్డ నాటు వంశం వాటితో కలిసిపోతే మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

కట్ట మీద పిల్లవాడికి ఇవేవీ పట్టలేదు. వాడికి తెలిసిందొకటే... బడి తెరిచి పదిహేను రోజులైంది, నోటుబుక్కులు ఇంకా కొనలేదు. చేప దొరికితే కొంటానని నాన్న పొద్దున్నే మాటిచ్చాడు.

"తాతా, కప్ప గుచ్చనా?"

తాత వెంటనే మాట్లాడలేదు. వయసులో ఉన్నప్పుడు ఇలాంటి గుంపుల మీద జంటలకు జంటలు పట్టిన చెయ్యి ఆయనది. అప్పుడు ఈ చెరువులో ఒక్క పూటకు నాలుగైదు ఎర్ర గుంపులు కనిపించేవి. ఈ ఏడు ఇదే మొదటిది.

"ఆగు. తూము దిక్కు పోదాం పా. అక్కడ జెల్లలు పడతయి."

"జెల్లలకు ఎన్ని పైసలొస్తయి?"

తాత లేచి డబ్బా చంకన పెట్టుకున్నాడు. పిల్లవాడు గాలం కర్ర భుజాన వేసుకుని, వెనక్కి వెనక్కి చూసుకుంటూ నడిచాడు. అవతలి ఒడ్డున ఇంకెవరో ఒకతను సైకిల్ దిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని తుంగ వైపే చూస్తున్నాడు.