ప్రవాహము – నిగ్రహము

నీటికి మన భాషలో జీవనమని ఒక పేరు కలదు. ఆ జీవనమే కట్టు తప్పిననాడు ప్రాణాంతకమవుతుందన్న సంగతి గోదావరి లంకలవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. మాది కోనసీమలో, గౌతమీ వృద్ధగౌతమీ పాయల చెంతనున్న ఐ.పోలవరం ప్రాంతం. పోటు, పాటు, ఎర్రనీరు అనే మాటలు మాకు నిఘంటువులో కాదు, రేవులోనే పరిచయమైనవి.

ఇటీవల భౌతికశాస్త్ర విద్యార్థి ఒకడు, "మాస్టారూ, ప్రవాహంలో టర్బైను ముంచి విద్యుత్తు తీస్తున్నారట. ఏరు ఎంత వడిగా పారితే అంత లాభమే కదా?" అని అడిగాడు. తెలుగు చెప్పుకునేవాణ్ణి అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. చదివి తెలుసుకున్నది ఇక్కడ విన్నవిస్తున్నాను.

నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. ప్రవాహశక్తి వేగం యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీరు ఒక చదరపు మీటరు గుండా 500 వాట్ల శక్తిని మోసుకుపోతుంది. వేగం రెండింతలైతే అది 4000 వాట్లవుతుంది. కాని అదే సమయంలో రెక్కలపై పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. జనరేటరు తన శక్తికి మించి స్వీకరించలేదు. స్తంభమూ లంగరూ తమ బలానికి మించి ఓర్వలేవు. కనుక వడి ఒక హద్దు దాటిన పిమ్మట ఎక్కువ పట్టుకోవడం కాదు, ఎక్కువైనదాన్ని వదలివేయడమే అసలు విద్య.

ఇందుకు మార్గాలు పెక్కు. ఒకటి, రెక్కను దాని ఇరుసుపై తిప్పి, అంచును ప్రవాహానికి అభిముఖంగా నిలపడం. ఉత్తర ఐర్లండులోని స్ట్రాంగ్‌ఫర్డ్ లాఖ్‌లో 2008లో నెలకొల్పిన సీజెన్ అనే 1.2 మెగావాట్ల యంత్రం ఈ పద్ధతినే అనుసరించింది. ఆ ఏడే పరీక్షలు సాగుతుండగా నియంత్రణ వ్యవస్థ తప్పి, రెక్కలు ఉండవలసిన తీరున ఉండక ప్రవాహపు తాకిడికి దెబ్బతిన్నాయి. యంత్రం బలం రెక్కలో కంటె దానిని తిప్పే వివేకంలో ఉన్నదని ఆ సంఘటన తెలిపింది. పిదప బాగుచేయబడి కొన్నేండ్లు పనిచేసిన ఆ యంత్రాన్ని 2019 నాటికి పూర్తిగా తొలగించారు. రెండవ మార్గం, నీటి అడుగున గాలిపటంవలె లంగరుకు కట్టిన యంత్రాన్ని అవసరమైన లోతునకు దించడం. సాధారణంగా లోతుకు పోయినకొద్దీ వడి తగ్గుతుంది. జపానువారు 2019లో కురోషియో సాగర ప్రవాహంలో పరీక్షించిన 100 కిలోవాట్ల కైర్యూ యంత్రం ఇటువంటి తేలియాడు జాతిదే. దాని రెండు చక్రాలు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగి, ఒకదాని మెలిపెట్టు బలాన్ని మరొకటి రద్దు చేస్తాయి.

ఈ నీతి మనకు కొత్తది కాదు. ఈదురుగాలిలో తెరచాప దించే పడవవానికి ఇది తెలుసు. ధవళేశ్వరం బ్యారేజికి 175 గేట్లున్నవి. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినపుడు ఆ గేట్లు నీటిని ఆపలేదు, దారి ఇచ్చాయి.

కాని దారి ఇవ్వలేనివి కూడా ఉంటాయి. 2018 జూలైలో మా మండలంలోని పశువుల్లంక వద్ద, నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని ఒక పడవ బోల్తాపడింది. బడి నుండి ఇళ్ళకు మరలుతున్న బాలికలు గౌతమిలో కలిసిపోయారు. స్తంభం పక్కకు తొలగజాలదు; వరద వడిలో ఉన్న పడవ నిలువజాలదు. ప్రవాహశక్తిని గూర్చిన సూత్రాలు చదివినపుడల్లా నాకు ఆ బాలికలు గుర్తుకువస్తారు. వేగం రెండింతలైతే తాకిడి నాలుగింతలన్నది వారి విషయంలో పరీక్షాపత్రంలోని లెక్క కాదు.

మన కళాశాలలో ఉర్దూ చదివేవారు సబ్ర్ అనే మాటను ఎరుగుదురు. దానికి ఊరక సహించుటయని అర్థం చెప్పుకుంటాము. అరబ్బీ మూలంలో దానికి బిగపట్టుట, నిలువరించుట అని అర్థం. తెలుగులో నిగ్రహమన్నా అంతే. రెండు భాషలూ చెప్పేది చేతకానితనాన్ని కాదు, చేతనైన బలాన్ని అదుపులో ఉంచుకోవడాన్ని.

విద్యార్థులారా, రేపు మీలో ఒకరు గౌతమి పోటుపాటుల నుండి దీపం వెలిగించే యంత్రాన్ని నిర్మింతురుగాక. ఐతే రెక్కలకంటె ముందు వాటిని మరల్చే ఉపాయాన్ని ఆలోచించండి. కమిటీ పెద్దలకు నా విన్నపం వేరొకటి: ఏరు దాటి చదువుకు వచ్చే మన పిల్లలకు ఈత నేర్పించే ఏర్పాటు, పడవ ఎక్కే ప్రతివారికీ ప్రాణరక్షక కవచం ఉండే ఏర్పాటు ఈ ఏడే జరగాలి. యంత్రం రావడానికి ఏండ్లు పట్టవచ్చును. ఎర్రనీరు మాత్రం ప్రతి ఏటా వస్తుంది.