చిట్టెలుక చెప్పిన సంగతి

సంపాదకులు కనిపించినప్పుడల్లా "మన పత్రికకి మీరూ ఏదైనా రాయకూడదుటండీ?" అంటుంటారు. ఇంజినీరుని, నాకు రాతలెక్కడొస్తాయని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి నాకై నేనే కాగితం పట్టుకున్నాను. అందుకు కారణం ఒక చిట్టెలుక.

మా అమ్మాయి కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. సెలవులకి ఇంటికొస్తే భోజనాల దగ్గర మాకు పాఠాలు చెప్పడం దానికి సరదా. 1967లో సెలిగ్మన్, మయర్ అనేవారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కుక్కల మీద చేసిన ప్రయోగం గురించి చెప్పింది. తప్పించుకునే వీల్లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలా వాటిని, తరవాత వీలున్నచోట పెట్టినా కదలక పడి ఉన్నాయట. "రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ట్రేసీ షోర్స్ బృందం ఎలుకల్లో చూస్తే, అలా చతికిలబడ్డవి మగవే నాన్నా. ఆడవి తప్పించుకోవడం నేర్చుకున్నాయి" అంది.

నాకు నవ్వొచ్చింది. 2023 జనవరిలో నా ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలు బేస్‌మెంటులో సోఫాకి అతుక్కుపోయాను. దరఖాస్తు నింపడానికి కూడా చెయ్యి ఆడేది కాదు. మా ఆవిడ మాత్రం తన ఆఫీసు, వంట, ఇంటి వాయిదాలు, పిల్ల ఫీజులు అన్నీ ఒంటిచేత్తో లాక్కొచ్చింది. "చూశావా, మీ అమ్మ గట్టిది" అన్నాను.

"ఆగు నాన్నా, ఇంకా ఉంది" అంది. కాలిఫోర్నియా చిట్టెలుకల్లో ఆడవి కూడా తమ చోటు కోసం పోట్లాడతాయి. అందుకని డేవిస్‌లో బ్రయాన్ ట్రెయినర్ బృందం ఆడవాటికీ మగవాటికీ ఒకే పరీక్ష పెట్టింది. వరసగా మూడు రోజులు వేరే ఎలుక బోనులో వదిలి, దాని చేత ఓడిపోనిచ్చారు. కొన్ని వారాల తరవాత తీగల బుట్టలో కొత్త ఎలుకని ఉంచి చూశారు. ఓడిన మగవి మామూలుగానే దగ్గరికి వెళ్లాయి. ఓడిన ఆడవి మాత్రం ఎడంగా ఉండిపోయాయి. 2011లో అచ్చయిన సంగతి ఇది.

"ఎవరు గట్టివాళ్లని కాదు, ఏ పరీక్ష పెట్టామన్నది ముఖ్యం. చాలాకాలం ఎక్కువగా మగ జంతువులనే పరీక్షించి, ఆడవాటికీ అదే లెక్క అనుకున్నారు" అంది అమ్మాయి.

మా ఆవిడ మజ్జిగ పోస్తోంది, ఏమీ మాట్లాడలేదు. ఒకప్పుడు శనివారం కీర్తనల బృందంలో ఆవిడ గొంతే ముందు వినిపించేది. ఆ ఏడాది నుంచీ వెళ్లడం మానేసింది. అలసిపోయిందనుకున్నానే గాని, ఎందుకని అడగలేదు. ఆ రాత్రి అడిగాను.

"వెళ్లిన ప్రతిచోటా 'మీవారికి ఎక్కడైనా కుదిరిందా?' అని అడిగేవారు. పదిమందికీ లేదని చెప్పి చెప్పి గుమ్మం దాటబుద్ధి కాలేదు. మీకు కుదిరాక కూడా ఆ బుద్ధి తిరిగి రాలేదండీ" అంది.

ఎలుకకీ మనిషికీ లంకె పెట్టెయ్యొద్దని అమ్మాయి ముందే హెచ్చరించింది. నిజమే. కాని ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, బిల్లులు కడుతోంది కనక ఆవిడ బాగానే ఉందని లెక్కవేసినవాణ్ణి నేను. నేను పడిపోవడం సోఫాలో అందరికీ కనిపించింది. ఆవిడది కనిపించేచోట నేను చూడలేదు.

అడిగినవారిని తప్పుపట్టడం లేదు. అభిమానంతోనే అడిగారు. ఇతరుల ఇళ్లలో నేనూ అలాగే అడిగినవాణ్ణి. ఇకమీదట ఉద్యోగం సంగతి పోగొట్టుకున్నవాణ్ణే అడుగుదాం. అతని ఇల్లాలితో మాత్రం "మీ పాట విని చాలా రోజులైంది, శనివారం రండి" అందాం.

పోయిన నెల ఒకావిడ ఫోన్ చేసి సరిగ్గా ఆ మాటే అన్నారు. మా ఆవిడ వెళ్లింది. తలుపు పక్కన కూర్చుంది. పాడలేదు, కాని చివరిదాకా ఉంది. వచ్చే శనివారానికి కూడా ఎవరైనా ఫోన్ చేస్తే బాగుండును.